అండాశయ నిల్వ పరీక్షలు

అండాశయ నిల్వ పరీక్షలు అనగా స్త్రీ అండాశయాలలో ఇంకా మిగిలియున్న అండాల సంఖ్యను పరోక్షంగా అంచనా వేయడానికి చేసే పరీక్షలు. రక్తంలోని కొన్ని హార్మోనులను కొలవడం, స్కానింగు ద్వారా అండాశయంలోని చిన్న పుటికలను లెక్కించడం వీటిలో ప్రధానమైనవి. పుటికా ప్రేరక హార్మోను (ఎఫ్.ఎస్.హెచ్.), ఎస్ట్రాడయోల్, ఏంటీ ముల్లేరియన్ హార్మోను (ఏ.ఎమ్.హెచ్.) అనే మూడు హార్మోనులను ఎక్కువగా కొలుస్తారు. సంతానలేమికి చికిత్స పొందే స్త్రీకి ఏ మోతాదులో మందు ఇవ్వాలి, ఆ మందుతో సుమారు ఎన్ని అండాలు లభిస్తాయి అన్న విషయాలను ముందుగా ఊహించడానికి ఇవి ఉపకరిస్తాయి. ఒక స్త్రీ సహజంగా గర్భం ధరించగలదా లేదా అన్న ప్రశ్నకు మాత్రం ఇవి సమాధానం చెప్పలేవు. ఈ రెండు విషయాలనూ ఒకటిగా భావించడం వలన పరీక్ష కాగితం మీది ఒక అంకె చూసి భయపడేవారు, అవసరం లేని చికిత్సకు తొందరపడేవారు చాలామంది ఉన్నారు.

అండాల నిల్వ

పురుషునిలో శుక్రకణాలు యౌవనం నుండి వృద్ధాప్యం వరకు నిరంతరంగా తయారవుతూనే ఉంటాయి. స్త్రీ విషయం అలా కాదు. ఆమె జీవితంలో విడుదల కాబోయే అండాలన్నీ ఆమె తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. గర్భస్థ శిశువుకు ఇరవై వారాల వయసు వచ్చేసరికి రెండు అండాశయాలలో కలిపి అరవై, డెబ్భై లక్షల బీజకణాలు ఉంటాయి. పుట్టేనాటికి ఇవి పది నుండి ఇరవై లక్షలకు తగ్గుతాయి. రజస్వల అయ్యేనాటికి మిగిలేవి మూడు, నాలుగు లక్షలు. ముట్లుడిగే వేళకు వెయ్యి లేదా అంతకంటె తక్కువ ఉంటాయి. ఇన్ని లక్షలలో అండోత్సర్గం ద్వారా బయటకు వచ్చేవి నాలుగు వందలు, ఆ ప్రాంతం మాత్రమే. తక్కినవన్నీ తమంతట తామే క్షీణించి అండాశయంలోనే కలిసిపోతాయి.

ఈ క్షయం ఏ నెలా ఆగదు. గర్భవతిగా ఉన్నప్పుడు అండాలు ఖర్చు కావనీ, గర్భనిరోధక మాత్రలు వాడితే అండాలు దాచిపెట్టబడతాయనీ కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. అండోత్సర్గం ఆగినా క్షయం ఆగదు. దీనికి వ్యతిరేక దిశలో మరొక అపోహ కూడా ఉంది. పరీక్షనాళిక శిశువు పద్ధతిలో ఒకేసారి పది అండాలను తీస్తే పది నెలల నిల్వ ముందే అయిపోతుందని భయపడతారు. నిజానికి ప్రతి నెలా ఒక పుటికల గుంపు పెరగడం ప్రారంభిస్తుంది. వాటిలో ఒకటి మాత్రమే పక్వమై, మిగిలినవి నశిస్తాయి. చికిత్సలో ఇచ్చే ఇంజెక్షన్లు ఆ నెలలో ఎలాగూ నశించబోయే పుటికలను కాపాడి పెంచుతాయే గాని, భవిష్యత్తుకు ఉన్నవాటిని ముందుకు లాగవు.

పుటికలను 1672లో డచ్చి వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ వివరంగా వర్ణించాడు. పక్వమైన పుటికను నేటికీ గ్రాఫియన్ పుటిక అనే పిలుస్తారు. ఆయన పుటికనే అండమని భావించాడు. పుటిక లోపల అండం వేరుగా ఉంటుందని 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ కుక్క అండాశయంలో సూక్ష్మదర్శినితో చూచి కనుగొన్నాడు. పుట్టిన తరువాత కొత్త అండాలు ఏర్పడవన్న సిద్ధాంతం 1951లో సాలీ జుకర్‌మన్ వాదనతో స్థిరపడింది. 2004లో జొనాథన్ టిల్లీ బృందం ఎలుకలలో జరిపిన ప్రయోగాల ఆధారంగా దీనిని ప్రశ్నించింది. ఆ వివాదం పూర్తిగా చల్లారకపోయినా, వైద్యంలో మాత్రం పరిమిత నిల్వ అన్న భావనే ఆధారంగా ఉంది.

హార్మోనుల పనితీరు

మెదడు అడుగు భాగంలో బఠాణీ గింజంత పరిమాణంలో ఉండే పీయూష గ్రంథి, ప్రతి ఋతుచక్రం మొదట్లో ఎఫ్.ఎస్.హెచ్. ను విడుదల చేస్తుంది. దాని ప్రభావం వలన అండాశయంలోని పుటికలు పెరుగుతూ ఎస్ట్రాడయోల్, ఇన్‌హిబిన్-బి అనే హార్మోనులను తయారుచేస్తాయి. ఈ రెండూ తిరిగి మెదడుకు చేరి, ఇక చాలునన్న సంకేతాన్ని అందిస్తాయి. అంతట ఎఫ్.ఎస్.హెచ్. తగ్గుతుంది. పుటికల సంఖ్య తగ్గినప్పుడు ఈ సంకేతం బలహీనపడుతుంది. చెవుడు వచ్చినవారితో మాట్లాడేటప్పుడు మనం గొంతు పెంచినట్లే, పీయూష గ్రంథి మరింత ఎఫ్.ఎస్.హెచ్. ను విడుదల చేస్తుంది. కనుక ఎఫ్.ఎస్.హెచ్. పెరగడం అండాశయం బలహీనపడిందనడానికి గుర్తు. హార్మోను ఎక్కువగా ఉంది కాబట్టి మంచిదేనని పరీక్ష ఫలితం చూసి పొరబడేవారు ఉంటారు. ఇక్కడ అర్థం సరిగ్గా తలక్రిందులు.

రక్తంలో అత్యల్ప పరిమాణంలో ఉండే ఇటువంటి హార్మోనులను కొలవడం 1950ల చివరి వరకు సాధ్యపడలేదు. రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అనే అమెరికను శాస్త్రవేత్తలు ఇన్సులిన్‌ను కొలవడానికి కనుగొన్న రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతి ఆ తరువాత తక్కిన హార్మోనులకు కూడా విస్తరించింది. బెర్సన్ 1972లో మరణించాడు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి లభించింది.

ఎఫ్.ఎస్.హెచ్., ఎస్ట్రాడయోల్ పరీక్షలు

ఈ రెండింటికీ బహిష్టు అయిన రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల రక్తం ఇవ్వాలి. స్పష్టంగా రక్తస్రావం మొదలైన దినాన్ని మొదటి రోజుగా లెక్కించాలి. ముందుగా కనిపించే కొద్దిపాటి మరక లెక్కలోనికి రాదు. ఇతర రోజులలో, ముఖ్యంగా అండోత్సర్గ సమయంలో, ఎఫ్.ఎస్.హెచ్. సహజంగానే పెరుగుతుంది కనుక అప్పుడు తీసిన రక్తంతో నిల్వను నిర్ణయించరాదు.

సాధారణంగా లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్ల కంటె తక్కువ ఉంటే ఫరవాలేదని, 10 దాటితే నిల్వ తగ్గి ఉండవచ్చునని భావిస్తారు. నలభై ఏళ్ళ లోపు స్త్రీకి కొన్ని నెలలుగా బహిష్టులు ఆగిపోయి, ఎఫ్.ఎస్.హెచ్. 25 దాటి ఉంటే అకాల అండాశయ వైఫల్యాన్ని అనుమానించాలి.

ఎస్ట్రాడయోల్‌ను విడిగా చూస్తే నిల్వ గురించి తెలిసేది చాలా తక్కువ. అయినా దానిని కలిపి పరీక్షించడానికి ఒక కారణముంది. నిల్వ తగ్గిన కొందరిలో ఒక పుటిక వేళకు ముందే పెరిగి ఎస్ట్రాడయోల్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ఎస్ట్రాడయోల్ ఎఫ్.ఎస్.హెచ్. ను అణచివేసి, చూడటానికి మామూలుగా ఉన్నట్లు కనిపింపజేస్తుంది. అందువలన ఎఫ్.ఎస్.హెచ్. 8 ఉన్నా, అదే రోజున ఎస్ట్రాడయోల్ మిల్లీలీటరుకు 60 నుండి 80 పికోగ్రాములు దాటి ఉంటే ఆ 8ని నమ్మకూడదు.

ఎఫ్.ఎస్.హెచ్. తో ఉన్న పెద్ద ఇబ్బంది దాని చాంచల్యం. ఒక నెల 12 వచ్చి మరుసటి నెల 7 రావచ్చును. తగ్గిన నెలలో చికిత్స చేయించుకుంటే మంచిదని కొందరు ఎదురు చూస్తారు గాని, ఒకసారి ఎక్కువగా వచ్చిన వారిలో తరువాత తగ్గిన అంకె నిల్వ పెరిగిందని సూచించదు. పైగా ఇది ఆలస్యంగా మేలుకొనే పరీక్ష. నిల్వ బాగా తగ్గేవరకు ఎఫ్.ఎస్.హెచ్. పెరగదు.

ఏంటీ ముల్లేరియన్ హార్మోను

ఈ హార్మోనుకు ఈ పేరు రావడం వెనుక ఉన్న కథకు అండాశయంతో సంబంధమే లేదు. గర్భస్థ శిశువులో, ఆడ అయినా మగ అయినా, మొదట రెండు జతల నాళాలు ఉంటాయి. వాటిలో ఒక జతను 1830లో జర్మను శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ వర్ణించడం వలన ముల్లేరియన్ నాళాలు అన్నారు. ఆడశిశువులో ఇవి గర్భాశయంగాను, ఫాలోపియన్ నాళాలుగాను మారతాయి. మగశిశువులో అంతరించిపోతాయి. అంతరింపజేసేది ఏమిటి అన్న ప్రశ్నకు ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ 1940ల చివరలో కుందేటి పిండాలపై చేసిన ప్రయోగాలతో దారి చూపాడు. వృషణాలను తొలగిస్తే మగ పిండంలో కూడా ఆడ అవయవాలు ఏర్పడ్డాయి. టెస్టోస్టిరోన్ మాత్రమే ఇస్తే మగ నాళాలు నిలిచాయి గాని ముల్లేరియన్ నాళాలు పోలేదు. కనుక వృషణం నుండి మరొక పదార్థమేదో వస్తున్నదని ఆయన నిర్ధారించాడు. ఆ పదార్థమే ఏ.ఎమ్.హెచ్. దీని జన్యువును 1986లో వేరుచేశారు. అది 19వ క్రోమోజోము మీద ఉంది.

మగతనానికి చిహ్నంగా కనుగొనబడిన ఈ హార్మోనే అండాశయంలోని చిన్న పుటికల చుట్టూ ఉండే గ్రాన్యులోసా కణాలలో కూడా తయారవుతుందని తరువాత తెలిసింది. పుటిక నిద్రలేచి పెరగడం ప్రారంభించినప్పటి నుండి సుమారు 8 మిల్లీమీటర్ల పరిమాణం వచ్చేవరకు ఇది వెలువడుతుంది. ఆ తరువాత తగ్గిపోతుంది. నిద్రాణంగా ఉన్న పుటికలు అసలు దీనిని తయారుచేయవు. అంటే ఏ.ఎమ్.హెచ్. నేరుగా నిల్వను కొలవడం లేదు. ప్రస్తుతం పెరుగుతున్న చిన్న పుటికల సంఖ్యను చెబుతుంది. గాదెలో ధాన్యం ఎక్కువ ఉన్న ఇంట్లో రోజూ దంచే ధాన్యం కూడా ఎక్కువే ఉంటుందన్న ఊహ మీద ఈ పరీక్ష ఆధారపడి ఉంది. ఈ ఊహ చాలావరకు సరియైనదే. వయసుతో పాటు ఏ.ఎమ్.హెచ్. తగ్గుతుందని, అది ఎక్కువగా ఉన్నవారిలో చికిత్సలో ఎక్కువ అండాలు లభిస్తాయని 2002లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ఆ తరువాతే ఈ పరీక్ష వైద్యశాలలలోకి ప్రవేశించింది.

ఏ.ఎమ్.హెచ్. ఇరవై ఐదేళ్ళ ప్రాంతంలో గరిష్ఠ స్థాయికి చేరి, అక్కడ నుండి క్రమంగా తగ్గుతూ ముట్లుడిగే సమయానికి కొలవలేనంత స్వల్పమవుతుంది. ఋతుచక్రంలో ఏ రోజునైనా రక్తం ఇవ్వవచ్చును. పరగడుపున ఉండనవసరం లేదు. మనదేశంలో దీనిని ఎక్కువగా మిల్లీలీటరుకు నానోగ్రాములలో తెలుపుతారు. విదేశాలలోని తెలుగువారు చూపించే కాగితాలలో లీటరుకు పికోమోలులు అని ఉండవచ్చు. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే లీటరుకు సుమారు 7.14 పికోమోలులకు సమానం. ఈ మార్పిడి తెలియక ఒక దేశపు 7ను మరొక దేశపు 7తో పోల్చడం ప్రమాదకరం. మొదటిది చాలా ఎక్కువ, రెండవది తక్కువ.

మిల్లీలీటరుకు 1 నానోగ్రాము, లేదా ఆ దరిదాపులలో ఉన్న అంకె కంటె తక్కువ వస్తే నిల్వ తగ్గినట్లు పరిగణిస్తారు. 2011లో రూపొందిన బొలోన్యా ప్రమాణాలలో ఈ హద్దు 0.5 నుండి 1.1 వరకు, 2016 నాటి పొసైడాన్ వర్గీకరణలో 1.2గా ఉంది. హద్దులు ఇలా వేరువేరుగా ఉండటానికి ఒక కారణం ప్రయోగశాలల పద్ధతులు ఒకే తీరుగా లేకపోవడమే. 2014 ప్రాంతం నుండి స్వయంచాలిత యంత్రాలు వచ్చి తేడాలు కొంత తగ్గాయి గాని, ఒక చోట చేయించిన ఫలితాన్ని మరొక చోటి ఫలితంతో పోల్చి పెరిగిందని, తగ్గిందని తీర్మానించరాదు.

ఇతర కారణాల వలన కూడా ఈ అంకె మారుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు తగ్గి, మానివేసిన కొన్ని నెలలకు తిరిగి పెరుగుతుంది. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు అధిక మోతాదులో తీసుకుంటే కొన్ని యంత్రాలలో ఫలితం తప్పుగా రావచ్చును. బహుపుటిక అండాశయ వ్యాధి, అనగా వాడుకలో పి.సి.ఓ.ఎస్., ఉన్నవారిలో ఏ.ఎమ్.హెచ్. బాగా ఎక్కువగా ఉంటుంది. అది వరం కాదు. పుటికలు ఎక్కువగా ఉన్నా వాటిలో ఏదీ సరిగా పక్వం కాక అండోత్సర్గం తప్పిపోతుంటుంది. పెద్దవారిలో ఈ వ్యాధి నిర్ధారణకు స్కానింగు బదులు ఏ.ఎమ్.హెచ్. ను వాడవచ్చునని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అంగీకరించాయి. ఇటువంటివారికి చికిత్సలో మామూలు మోతాదు ఇంజెక్షన్లు ఇస్తే అండాశయాలు విపరీతంగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ప్రాణాపాయం కూడా కలగవచ్చును. ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి మోతాదు తగ్గించడం ఏ.ఎమ్.హెచ్. వలన కలిగిన నిజమైన మేలు. నిల్వ తక్కువ ఉన్నవారి గురించే అందరూ మాట్లాడతారు గాని, ఈ పరీక్ష ఎక్కువ ఉన్నవారిని కాపాడింది.

పుటికల లెక్క

బహిష్టు మొదటి రోజులలో యోని ద్వారా చేసే స్కానింగులో 2 నుండి 10 మిల్లీమీటర్ల పరిమాణం గల పుటికలను రెండు అండాశయాలలోనూ లెక్కిస్తారు. మొత్తం 5 నుండి 7 కంటె తక్కువ ఉంటే నిల్వ తక్కువని భావిస్తారు. ఇది దాదాపు ఏ.ఎమ్.హెచ్. చెప్పిన విషయాన్నే చెబుతుంది. రెండూ పొసగనప్పుడు లెక్కించినవారి అనుభవాన్ని, ప్రయోగశాల నాణ్యతను రెండింటినీ సరిచూచుకోవాలి.

వాడుక తగ్గిన పరీక్షలు

ఇన్‌హిబిన్-బి కొంతకాలం ప్రచారంలో ఉండి, నమ్మదగినది కాదని తేలడంతో వెనుకబడింది. 1987లో ప్రవేశపెట్టిన క్లోమిఫీన్ పరీక్షలో ఐదవ రోజు నుండి తొమ్మిదవ రోజు వరకు క్లోమిఫీన్ మాత్రలిచ్చి మూడవ రోజున, పదవ రోజున ఎఫ్.ఎస్.హెచ్. చూసేవారు. దాని కంటె ఏ.ఎమ్.హెచ్. సులభం కనుక ఇప్పుడు ఎవరూ దాదాపుగా చేయడం లేదు.

ఫలితాలు చెప్పేవి, చెప్పనివి

ఈ పరీక్షలన్నీ అండాల సంఖ్యకు సంబంధించినవి. అండం నాణ్యతకు, అనగా దానిలో క్రోమోజోములు సరిగా ఉన్నాయా లేదా అన్న విషయానికి, అన్నిటికంటె మంచి సూచిక స్త్రీ వయసు. దానిని తెలుసుకొనడానికి రక్తం తీయనక్కరలేదు. నలభై ఏళ్ళు దాటిన తరువాత అండాలలో సగానికి మించి క్రోమోజోముల లోపం కలిగి ఉంటాయి. గర్భస్రావాలు పెరగడానికి ఇదే ముఖ్య కారణం. డౌన్ సిండ్రోమ్ గల శిశువు పుట్టే అవకాశం తల్లి వయసు 25 ఉన్నప్పుడు సుమారు 1,250కి ఒకటి కాగా, 40 వచ్చేసరికి 100కి ఒకటి అవుతుంది. కాబట్టి ఏ.ఎమ్.హెచ్. 0.8 ఉన్న 28 ఏళ్ళ స్త్రీ, ఏ.ఎమ్.హెచ్. 2.5 ఉన్న 42 ఏళ్ళ స్త్రీ ఇద్దరిలో గర్భధారణకు ఎక్కువ అవకాశం మొదటి ఆమెకే. ఆమెకు లభించే అండాలు తక్కువ, కాని వాటిలో మంచివి ఎక్కువ పాలు.

సహజ గర్భధారణ విషయంలో చెప్పుకోదగ్గ పరిశోధన 2017లో అమెరికను వైద్య సంఘ పత్రికలో వెలువడింది. అన్ స్టైనర్ బృందం, సంతానలేమి చరిత్ర లేని 30 నుండి 44 ఏళ్ళ వయసు గల 750 మంది స్త్రీలను వారు గర్భం కోసం ప్రయత్నిస్తున్న కాలంలో పరిశీలించింది. ఏ.ఎమ్.హెచ్. 0.7 కంటె తక్కువగా ఉన్నవారు కూడా మామూలుగా ఉన్నవారితో సమానంగానే గర్భవతులయ్యారు. ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువగా ఉన్నవారి విషయమూ అంతే. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. నెలకు ఒక అండం చాలును. గాదెలో పుట్టెడు ఉన్నా, తూమెడు ఉన్నా, ఆ పూటకు కావలసింది సోలెడే. ఈ ఫలితాల దరిమిలా, సంతానలేమి లేని స్త్రీలకు భవిష్యత్తులో గర్భం రావడం గురించి సలహా ఇచ్చేందుకు ఏ.ఎమ్.హెచ్. ను వాడరాదని అమెరికను ప్రసూతి వైద్యుల కళాశాల 2019లో సూచించింది.

ముట్లు ఏ సంవత్సరంలో ఉడుగుతాయో కూడా ఒక్క రక్తపరీక్షతో ఖచ్చితంగా చెప్పలేరు. తల్లికి ఏ వయసులో ఆగాయి అని అడిగి తెలుసుకోవడం కొంతవరకు ఉపయోగపడుతుంది.

ఏ.ఎమ్.హెచ్. ను పెంచుతామని అమ్మే మాత్రలు, పొడులు, లేహ్యాలు అనేకం ఉన్నాయి. పోయిన అండాలను తిరిగి తెచ్చే మందు ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. పొగత్రాగడం మానితే మేలు; పొగత్రాగేవారికి ఒకటి, రెండు సంవత్సరాలు ముందే ముట్లు ఆగుతాయి.

ఎవరికి అవసరం

ఒక సంవత్సరం పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే సంతానలేమి అంటారు. స్త్రీకి 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే పరీక్షలు మొదలుపెట్టడం ఉచితం. అప్పుడు ఈ పరీక్షలకు స్థానముంది. కాన్సరుకు కీమోథెరపీ, ముఖ్యంగా సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు, లేదా పొత్తికడుపుకు రేడియేషను తీసుకోబోయేవారు, అండాశయపు గడ్డలకు, ఎండోమెట్రియోసిస్‌కు శస్త్రచికిత్స చేయించుకోబోయేవారు ముందుగా నిల్వ తెలుసుకొనడం మంచిది. పెళ్ళికాని యువతి కూడా ఈ సందర్భాలలో అండాలను శీతలీకరించి దాచుకొనవచ్చును. ఆ విషయం చికిత్సకు ముందే చెప్పవలసి ఉంటుంది, తరువాత చెప్పి ప్రయోజనం లేదు. కుటుంబంలో అకాలంగా ముట్లుడిగినవారు ఉన్నా, ఫ్రాజైల్-ఎక్స్ జన్యులోపం ఉన్నా, టర్నర్ సిండ్రోమ్ ఉన్నా పరీక్ష అవసరమే.

సంతానలేమికి పరీక్షలు చేసేటప్పుడు వీటితో పాటు థైరాయిడు, ప్రొలాక్టిన్ హార్మోనులను కూడా చూస్తారు. తదుపరి బహిష్టుకు ఏడు రోజుల ముందు ప్రొజెస్టిరోన్ కొలిస్తే ఆ నెల అండోత్సర్గం జరిగినదీ లేనిదీ తెలుస్తుంది. దీనిని అందరికీ 21వ రోజే చేయడం ఒక అలవాటుగా మారింది. 35 రోజుల చక్రం ఉన్నవారికి 28వ రోజున చేయాలి. ఫాలోపియన్ నాళాలు తెరచి ఉన్నాయా, మనదేశంలో తరచుగా కనబడే జననాంగ క్షయవ్యాధి వలన గర్భాశయపు పొర దెబ్బతిన్నదా అన్నవి ఏ హార్మోను పరీక్షలోనూ కనబడవు.

అన్నిటికంటె ముందు చేయవలసినది భర్త వీర్య పరీక్ష. అది చవక, నొప్పి లేనిది. సంతానలేమి గల జంటలలో చాలా ఎక్కువ భాగంలో పురుషుని లోపం ఒక్కటే గానో, స్త్రీ లోపంతో కలిసి గానో ఉంటుంది. అయినా గొడ్రాలు అన్న మాటకు దీటుగా పురుషునికి వాడే నింద తెలుగు ఇళ్ళలో అంత తేలికగా నోటికి రాదు. భార్యకు నాలుగు రకాల హార్మోను పరీక్షలు పూర్తయ్యాక కూడా భర్తకు ఒక్క పరీక్ష చేయని సందర్భాలు ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాలు, చట్టం

భారతీయ స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళకే ముట్లు ఆగుతాయి. పాశ్చాత్య దేశాలలో ఇది 51. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దీనికి తోడు గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అధికం. 2015-16 నాటి నాల్గవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ రెండు రాష్ట్రాలు ఈ విషయంలో దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసివేస్తే నిల్వ ఆనాటితో సమాప్తమవుతుంది. అండాశయాలను ఉంచినా, వాటికి రక్తప్రసరణ తగ్గి అవి తొందరగా అలసిపోవచ్చును. పిల్లలు పుట్టాక సంచితో ఏం పని అన్న మాట విని ముప్పై ఏళ్ళకే ఈ శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీలకు ఎముకల బలహీనత, గుండె జబ్బు ముందుగా వచ్చే ప్రమాదం ఉంది. ఈ నష్టం సంతానానికి మాత్రమే పరిమితమైనది కాదు.

2021లో భారత పార్లమెంటు ఆమోదించిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం చికిత్స పొందే స్త్రీ వయసు 21 దాటి 50 లోపు ఉండాలి. అండదాత వయసు 23 నుండి 35 మధ్య ఉండాలి. ఒక స్త్రీ తన జీవితంలో ఒక్కసారి మాత్రమే అండాలను దానం చేయవచ్చును, ఏడింటికి మించి అండాలను తీయరాదు. నిల్వ తక్కువని తేలిన స్త్రీకి దాత అండాలను వాడమని సూచించినప్పుడు, ఆమె లిఖితపూర్వకంగా అంగీకరించిన తరువాతే ఆ పని చేయాలి. వయసు తక్కువ ఉండి, ఏ.ఎమ్.హెచ్. మాత్రమే తక్కువగా ఉన్నవారు ఆ సూచనను అంగీకరించే ముందు తమ స్వంత అండాలతో ప్రయత్నించే వీలు ఉన్నదేమో అడగడం, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనడం సమంజసం.